వ్యాను టాపు మీద ఎండ: హైదరాబాద్ నుంచి లేహ్ దాకా

క్యాంపర్ వ్యాను టాపు మీద బిగించే సౌర ప్యానెల్ వెనక ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద 160 వాట్లు అని రాసి ఉంటే, అది ఒకే ఒక్క పరిస్థితికి వర్తించే అంకె. చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ పడుతూ, లోపలి సెల్ వేడి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు ఆ ప్యానెల్ అంత ఇస్తుంది. హైదరాబాద్‌లో బయల్దేరి లేహ్ చేరే బండికి ఆ రెండూ ఒకేసారి కలిసొచ్చే ఘడియలు తక్కువ. దాదాపు 2,500 కిలోమీటర్ల ఈ దారిలో విదర్భ వడగాలి, సివనీ అడవి నీడ, ఉత్తరాది దుమ్ము, బియాస్ లోయ ఇరుకు, సర్చూ చలి ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. అందుకే ప్యానెళ్లను సగటు రోజును చూసి కాకుండా దారిలోని చెడ్డ రోజుల్ని చూసి బిగించాలి.

బయల్దేరే ముందు లెక్క

ఎన్ని ప్యానెళ్లు కావాలో టాపు మీది జాగా కన్నా ముందు లోపలి వాడకం చెబుతుంది. ఇద్దరు మనుషులు ఉండే వ్యానులో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుంది. ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి రోజు మొత్తానికి 400 నుంచి 500 వాట్ అవర్లు ఖర్చవుతాయి. ఎల్ఈడీ దీపాలకు 100, ఫ్యానుకు 240, నీళ్ల మోటారుకు 25, ఫోన్లకూ లాప్‌టాప్‌కూ కలిపి 200 వేసుకుంటే రోజుకు సుమారు 1,000 వాట్ అవర్లు తేలుతుంది. ఇంటి కరెంటు బిల్లు భాషలో అది ఒక యూనిట్.

వేసవిలో రోజుకు ఐదు గంటల నిండు ఎండతో సమానమైన వెలుతురు దొరుకుతుందనుకున్నా, వేడి, దుమ్ము, తీగల్లో నష్టం పోను చీటీ మీది అంకెలో 65 నుంచి 70 శాతమే బ్యాటరీకి చేరుతుంది. 160 వాట్ల ప్యానెళ్లు రెండు పెడితే 320 వాట్లు. దాన్ని ఐదు గంటలతో, 0.65తో గుణిస్తే 1,040 వాట్ అవర్లు వస్తాయి. వాడకం, రాబడి సరిపోయాయి గానీ మిగులు లేదు. ఇలాంటి అమరిక మీద 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటే ఒక్క గంట వంటకే దాదాపు రెండు రోజుల రాబడి పోతుంది. అందుకే చాలా క్యాంపర్లలో వంట గ్యాసు మీదే సాగుతుంది.

మబ్బు పట్టిన రోజుల భారం బ్యాటరీ మోయాలి. 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 2,560 వాట్ అవర్లు పడతాయి. ఎండ పూర్తిగా లేకపోయినా రెండు రోజులు గడుస్తుంది. అదే కొలత లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి అది ఒక్క రోజుకే సరి. బరువు కూడా రెట్టింపు దాటుతుంది.

ప్యానెల్ రకాల్లో మూడు దారులున్నాయి. అల్యూమినియం ఫ్రేము, 3.2 మిల్లీమీటర్ల గాజు ఉన్న గట్టి ప్యానెల్ 11, 12 కిలోల బరువు తూగుతుంది, దశాబ్దాలు నిలుస్తుంది. వంగే ప్యానెల్ రెండు మూడు కిలోలే ఉంటుంది. కానీ దాన్ని రేకుకే అంటించాలి; కింద గాలి ఆడక వేడెక్కి త్వరగా పాడవుతుంది. ఇళ్ల మీద పెట్టే 540 వాట్ల పెద్ద ప్యానెల్ వాటుకు పడే ధరలో చవక. అయితే దాని పొడవు రెండు మీటర్లు దాటుతుంది, బరువు 28 కిలోల దాకా ఉంటుంది. ఏసీ యూనిట్‌కో గాలి రంధ్రానికో చోటు వదలాల్సిన టాపు మీద అది ఇమడదు. ఎండాకాలపు దక్కను దారులకు గట్టి ప్యానెళ్లే మేలు.

చట్టం సంగతి కూడా ముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. క్యాంపర్ల తయారీకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. ప్యానెల్ వల్ల బండి ఎత్తు ఎంత పెరిగిందో కొలిచి డ్రైవరు కళ్లకు కనిపించేచోట రాసి పెట్టుకుంటే, పెట్రోలు బంకు పైకప్పుల కింద, ఊళ్లలోని రైల్వే వంతెనల కింద ఇబ్బంది ఉండదు.

టాపు మీద పని

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మీద ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 48 కిలోల బరువుతో సమానం. 160 వాట్ల ప్యానెల్ విస్తీర్ణం కూడా సుమారు ఒక చదరపు మీటరే. ముందు అంచు కింద దూరిన గాలి ప్యానెల్‌ను పైకి లేపాలని చూస్తుంది. ఎదురుగా లారీ దాటినప్పుడు ఆ ఊపు ఒక్కసారిగా పెరుగుతుంది. ప్యానెళ్లకు చేసే ఐఈసీ 61215 పరీక్షలో 2,400 పాస్కళ్ల ఒత్తిడి పెట్టి చూస్తారు. ఇది ఎదురుగాలి ఒత్తిడికి ఐదు రెట్లు. అందువల్ల గాలికి గాజు పగలదు. ఊడేది బిగింపే.

బిగింపు రెండు రకాలు. మొదటిది బోల్టుది: టాపు కింది అడ్డపట్టీల మీదుగా అల్యూమినియం పట్టాలు వేసి, రేకుకు రంధ్రం చేసి, లోపలి వైపు వెడల్పాటి ప్లేటు పెట్టి బిగిస్తారు. వట్టి రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ప్లేటు లేకుండా చిన్న వాషరుతో బిగిస్తే రంధ్రం సాగి చిరుగుతుంది. డ్రిల్ చేసిన అంచుకు అప్పటికప్పుడే ఎపాక్సీ ప్రైమర్ పూయాలి, లేదంటే మొదటి వానలోనే తుప్పు మొదలవుతుంది. రెండోది జిగురుది: పాలీయురేథేన్ జిగురుతో ప్లాస్టిక్ మూలదిమ్మల్ని టాపుకు అంటిస్తారు. రంధ్రాలు ఉండవు కాబట్టి కారడం ఉండదు. అయితే రంగు గట్టిగా పట్టి ఉన్న టాపు మీదే ఇది నమ్మకం. పెయింటు పొర లేచిన చోట అంటిస్తే జిగురు ఊడకపోయినా పెయింటుతో సహా దిమ్మ వచ్చేస్తుంది. అంటించే చోట గరుకు కాగితంతో రుద్ది, ఆల్కహాలుతో తుడిచి, జిగురు కనీసం మూడు మిల్లీమీటర్ల మందం ఉండేలా వేయాలి. గట్టిగా నొక్కి పలుచన చేస్తే బండి అదురుకు అది సాగలేదు. ఈ జిగురు గాలిలోని తేమతో రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున గట్టిపడుతుంది. తేమ తక్కువగా ఉండే మే నెల హైదరాబాద్‌లో ఇంకాస్త ఆలస్యమవుతుంది కాబట్టి బండిని వెంటనే రోడ్డెక్కించకూడదు. సాధారణ సిలికాన్ ఈ పనికి చాలదు.

రెండు పద్ధతుల్లోనూ ప్యానెల్‌కీ రేకుకీ మధ్య రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ సందులోంచి పారే గాలే ప్యానెల్‌ను చల్లబరుస్తుంది. ముందు అంచుకు వాలుగా ఒక అల్యూమినియం పట్టీ పెడితే గాలి పైనుంచి జారిపోతుంది, ఈల చప్పుడూ తగ్గుతుంది. పని పూర్తయ్యాక టాపు మీద నీళ్ల పైపు పెట్టి, లోపల టార్చి వేసి ప్రతి రంధ్రం కిందా తడిమి చూడాలి. కారేది ఊళ్లోనే తెలియాలి.

తీగలు, కంట్రోలర్

రెండు ప్యానెళ్లను సిరీస్‌లో కలిపితే 37 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు పారుతుంది. ప్యారలల్‌లో కలిపితే 18.5 వోల్టుల దగ్గర 17.4 ఆంపియర్లు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్లు పోయి రావాలంటే సిరీస్‌లో నష్టం ఒక శాతం చిల్లర, ప్యారలల్‌లో ఐదు శాతానికి దగ్గర. తీగ నష్టం ప్రకారం సిరీస్ మేలు. టాపు మీద నీడ పడే అవకాశం ఎక్కువైతే ప్యారలల్ మేలు. ప్యారలల్‌లో ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే ఆ నష్టం మూడు శాతం దగ్గరికి దిగుతుంది.

ప్యానెల్ నుంచి దిగే తీగ ఎండకు తట్టుకునే రెండు పొరల డీసీ సోలార్ కేబులే కావాలి. ఇంటి వైరింగు తీగ పై తొడుగు ఎండకు పెళుసెక్కి పగులుతుంది. టాపులోంచి లోపలికి దిగేచోట తీగ దూరే గ్లాండ్ మూతి బండి వెనక్కి ఉండాలి, అప్పుడు వాన నీరు ఎదురు దూరదు. తీగ ఎక్కడా ఉయ్యాల ఊగకుండా కట్టాలి. నిర్మల్ ఘాట్ లాంటి చోట్ల ఆగిన బండ్ల మీదికి కోతులు ఎక్కుతాయి, వేలాడే తీగ వాటి చేతికి మొదట అందుతుంది. ప్యానెల్ తీగల్ని కలిపే ఎంసీ4 కనెక్టర్లు ఒకే తయారీవి జతపడాలి. వేర్వేరు తయారీవి బిగుతుగా అతికినట్టే కనబడినా లోపల వదులుండి వేడెక్కుతాయి. కరెంటు పారుతుండగా వాటిని లాగితే డీసీ ఆర్క్ పుట్టి మొనలు కాలిపోతాయి.

ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య చార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్లలో పీడబ్ల్యూఎం రకం ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 18.5 వోల్టుల దగ్గర పనిచేయాల్సిన ప్యానెల్ 13 వోల్టుల దగ్గర పనిచేస్తే 30 శాతం శక్తి వృథా. ఎంపీపీటీ రకం ఆ తేడాను ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. 320 వాట్లకు బ్యాటరీ వైపు 25 ఆంపియర్లు వస్తాయి కాబట్టి 30 ఆంపియర్ల కంట్రోలర్, పది చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి అతి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. ముందు బ్యాటరీని, తరువాత ప్యానెల్‌ను కలపాలి. విప్పేటప్పుడు ప్యానెల్ ముందు, బ్యాటరీ చివర.

విదర్భ వేడి, సివనీ నీడ

ఎన్‌హెచ్ 44 మీద ఆదిలాబాద్ దాటి విదర్భలోకి దిగితే మే నెలలో గాలి వేడి 45 డిగ్రీలను తాకుతుంది. ఆ గాలిలో టాపు మీది సెల్ 70 డిగ్రీలకు చేరుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ మోనో ప్యానెల్ శక్తి 0.35 శాతం చొప్పున తగ్గుతుంది. 45 డిగ్రీల తేడాకు దాదాపు 16 శాతం పోయి, 320 వాట్ల జంట 270 దగ్గర ఆగుతుంది. ఎండ మండిపోతోంది, కరెంటు మాత్రం తగ్గింది అన్న ఆశ్చర్యానికి కారణం ఇదే. టాపుకూ ప్యానెల్‌కూ మధ్య వదిలిన సందు విలువ ఇక్కడ తెలుస్తుంది.

మధ్యాహ్నం బండిని చెట్టు కింద నిలిపితే మనుషులకు హాయి, ప్యానెల్‌కు పస్తు. 100 వాట్ల మడత ప్యానెల్ ఒకటి పొడవాటి తీగతో వెంట ఉంటే బండి నీడలో, అది ఎండలో ఉండవచ్చు. ఆ తీగ కొన పడే ప్లగ్గును బిగింపు రోజునే బండి పక్కన అమర్చుకోవాలి. మడత ప్యానెల్ వోల్టేజీ టాపు మీది వాటితో కలవదు కాబట్టి దానికి వేరే చిన్న కంట్రోలర్ కావాలి.

నాగపూర్ దాటాక సివనీ వైపు దారి పెంచ్ అడవి గుండా వెళ్తుంది. జంతువులు కింది నుంచి దాటడానికి ఇక్కడ రోడ్డును స్తంభాల మీద ఎత్తి కట్టారు. చెట్ల నీడ తునకలు తునకలుగా పడేచోట ప్యానెల్ గుణం బయటపడుతుంది. సెల్స్ అన్నీ ఒక వరసలో గొలుసుగా ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడితే గొలుసు మొత్తం కరెంటు కుంగుతుంది. దాన్ని తప్పించడానికి పెట్టే బైపాస్ డయోడ్లు నీడ పడిన భాగాన్ని వదిలేసి మిగతాదాన్ని నడిపిస్తాయి. మూడు డయోడ్లున్న ప్యానెల్ మీద అరచేయంత నీడ మూడో వంతు శక్తిని మింగేస్తుంది. కదిలే నీడ వచ్చి పోతుంది. టాపు మీదే ఉన్న ఏసీ యూనిట్, గాలి రంధ్రం మూత, లగేజీ చట్రం వేసే నీడ రోజూ ఉంటుంది. వాటికీ ప్యానెల్‌కీ ఎడం వదలడం బిగింపు నాడే జరగాలి.

ఏ వైపు వదలాలన్నది సూర్యుణ్ణి బట్టి ఉంటుంది. ప్యానెల్‌ను దక్షిణానికి వాల్చాలన్నది ఇంటి టాపుల సూత్రం. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా అక్కడ నడినెత్తి సూర్యుడు ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. నర్సింగ్‌పూర్, సాగర్‌ల మధ్య కర్కట రేఖ దాటిన తరువాతే ఏడాది పొడవునా మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన ఉంటాడు. రోజుకో దిక్కుకు తిరిగే బండికి వాలు పనికిరాదు. జూన్‌లో లేహ్‌లో కూడా మధ్యాహ్న సూర్యుడు 79 డిగ్రీల ఎత్తుకు వస్తాడు; చదునుగా పరిచిన ప్యానెల్‌కు ఆ వేళ పోయేది రెండు శాతమే. డిసెంబరులో ఢిల్లీలో అదే సూర్యుడు 38 డిగ్రీలకే పరిమితం, చదును ప్యానెల్‌కు మధ్యాహ్నం కూడా దాదాపు 40 శాతం నష్టం. చలికాలపు యాత్రలకే ఎత్తి నిలిపే చట్రం అవసరం. ఎత్తిన చట్రాన్ని దించకుండా బండి కదపకూడదు.

మైదానంలో దుమ్ము

ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా మీదుగా ఢిల్లీ వరకు వేసవిలో దుమ్ము తుపాన్లు వస్తాయి. పలుచని పొర అంతటా సమానంగా పరుచుకుంటే రాబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది. పక్షి రెట్ట అలా కాదు. ఒక సెల్‌ను పూర్తిగా కప్పి, ఆ చోటును వేడి మచ్చగా మార్చి లోపలి పొరను కాలుస్తుంది. దాన్ని కనిపించిన పూటే తీయాలి.

కడగడానికి వేళ తెల్లవారుజాము. మండే గాజు మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు. మెత్తని గుడ్డ, పొడవాటి కర్రకు కట్టిన స్పాంజి, మంచినీళ్లు చాలు. బోరు నీళ్లలోని సున్నం ఆరాక తెల్లటి మరకలు వదులుతుంది కాబట్టి చివరి తుడుపు పొడి గుడ్డతో జరగాలి. గరుకు పీచు గాజు మీది పూతను గీస్తుంది. సర్వీసు స్టేషన్లలో ఒత్తిడితో చిమ్మే నీళ్లు ఫ్రేము అంచుల్లోకి, కనెక్టర్లలోకి దూరుతాయి. కాబట్టి ఆ గొట్టాన్ని టాపు దాకా రానివ్వకూడదు.

లోయలో బండి కరెంటు

మండీ దాటి పండోహ్ మీదుగా కులూ వైపు వెళ్లే దారి బియాస్ నది కోసిన ఇరుకు లోయలో సాగుతుంది. సూర్యుడు గుట్ట దాటి వచ్చేసరికి ఆలస్యం, గుట్ట చాటుకు పోవడం త్వరగా. కాగితం మీది ఐదు గంటల ఎండ ఇక్కడ మూడుకు దిగుతుంది. ఆ లోటును ఇంజిన్ ఆల్టర్నేటర్ పూడ్చాలి. లిథియం బ్యాటరీని ఆల్టర్నేటర్‌కు నేరుగా తగిలిస్తే అది ఆపకుండా కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ను వేడెక్కిస్తుంది. బీఎస్6 బండ్లలో అవసరం లేనప్పుడు ఆల్టర్నేటర్ వోల్టేజీ తనంతట తగ్గుతుంది కాబట్టి బ్యాటరీ నిండదు కూడా. రెంటికీ మందు మధ్యలో ఒక డీసీ-డీసీ చార్జర్. 30 ఆంపియర్ల చార్జర్ గంటకు 400 వాట్ అవర్లు నింపుతుంది. రెండున్నర గంటల ప్రయాణంతో రోజు వాడకం తీరిపోతుంది.

మనాలీ పైన అటల్ సొరంగం 9.02 కిలోమీటర్లు. 2020 అక్టోబరు 3న దాన్ని ప్రారంభించారు. ఇవతల వాన మబ్బులు పట్టి ఉన్నా, అవతల సిస్సూ దగ్గర తేలిన బండి చాలాసార్లు నిండు ఎండలోకి వస్తుంది. లాహౌల్ కొండల చాటున ఉన్న పొడి నేల. ఇక్కడి నుంచి ఎండ పుష్కలం, సమస్య చలి.

చలిలో వోల్టేజీ, బ్యాటరీ

కేలాంగ్, జిస్పా, దార్చా దాటి బారాలాచా కనుమ ఎక్కి దిగితే సర్చూ. ఎత్తు 4,290 మీటర్లు, గాలి ఒత్తిడి సముద్రమట్టంలో సుమారు 60 శాతం. పలుచని, పొడి గాలి ఎండను తక్కువ వడకడుతుంది, ప్యానెల్ చల్లగా ఉంటుంది. విదర్భలో 270 దగ్గర ఆగిన జంట ఇక్కడ 300 దాటుతుంది, మంచు మీది వెలుతురు తోడైతే చీటీ అంకెనే మించవచ్చు.

చలి ప్యానెల్ వోల్టేజీని పెంచుతుంది. డిగ్రీకి 0.3 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే, ఏమీ తగిలించనప్పుడు 22.5 వోల్టులుండే ప్యానెళ్లు మూడు సిరీస్‌లో ఉంటే మామూలుగా 67.5 వోల్టులు, సున్నాకు పది డిగ్రీల దిగువన 74.6. కంట్రోలర్ హద్దు 75 అయితే అది అంచు మీద ఉన్నట్టే. హద్దు దాటితే కంట్రోలర్ కాలిపోతుంది. రాత్రంతా గడ్డకట్టిన ప్యానెల్ మీద తొలి కిరణం పడే క్షణమే అత్యధిక వోల్టేజీ. హైదరాబాద్ ఎండలో ఎన్నిసార్లు పరీక్షించినా ఇది బయటపడదు. రెండే ప్యానెళ్లు, 100 వోల్టుల కంట్రోలర్ ఉంటే బెంగ లేదు.

బ్యాటరీ సంగతి ఇంకా సున్నితం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సున్నా కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే లిథియం లోహంగా మారి లోపలి గ్రాఫైట్ మీద పేరుకుంటుంది. పోయిన సామర్థ్యం తిరిగి రాదు. చలికి చార్జింగ్ ఆపే ఏర్పాటు ఉన్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) తప్పనిసరి. బ్యాటరీ బండి కింది పెట్టెలో కాకుండా మనుషులు పడుకునే గదిలో, మంచం కింద ఉండాలి. సర్చూలో తెల్లవారాక ఎండ వెలుగుతున్నా కంట్రోలర్ సున్నా ఆంపియర్లు చూపిస్తే అది చెడిపోలేదు. బ్యాటరీ వెచ్చబడే దాకా బీఎంఎస్ తలుపు మూసింది. ఇన్వర్టర్ కూడా పలుచని గాలిలో సరిగా చల్లబడదు, కాబట్టి దాని మీద పూర్తి లోడు వేయకూడదు.

గతుకుల్లో బిగింపు

గాటా లూప్స్‌లోని 21 మెలికలు, లాచుంగ్ లా, పాంగ్ మీదుగా మోరే మైదానం, ఆపై 5,328 మీటర్ల టంగ్లాంగ్ లా. తవ్వి వదిలిన రోడ్డు ముక్కలు, మంచు కరిగి దారికి అడ్డంగా పారే నాలాలు బండిని గంటల కొద్దీ కుదుపుతాయి. కుదుపుకు నట్లు వదులవుతాయి, సెల్స్‌లో కంటికి కనబడని బీటలు పుడతాయి. నైలాన్ రింగున్న లాక్ నట్లు వాడాలి. బిగించిన రోజే నట్టు మీదుగా బోల్టు మీదికి పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, గీత విరిగినచోట నట్టు తిరిగిందని స్పానర్ లేకుండానే తెలుస్తుంది. మనాలీలో ఒకసారి, లేహ్‌లో ఒకసారి టాపు ఎక్కి చూడటం చాలు. ఎక్కినవారు ప్యానెల్ మీద అడుగు వేయకూడదు. ఈ ఎత్తులో అతినీలలోహిత కిరణాలు ఘాటైనవి. తెల్ల ప్లాస్టిక్ కేబుల్ టైలు త్వరగా పెళుసెక్కి తెగుతాయి. నల్లవి లేదా స్టీలు క్లిప్పులు నిలుస్తాయి.

రాబడి తగ్గినప్పుడు, తిరిగొచ్చాక

కరెంటు తగ్గిందనిపిస్తే వెతుకులాటకు ఒక వరస ఉంది. ముందు బ్యాటరీ నిండిందేమో చూడాలి. నిండిన బ్యాటరీ ఏమీ తీసుకోదు, కంట్రోలర్ తక్కువ అంకె చూపిస్తుంది. నిండలేదంటే నీడ, మురికి. అవీ కాకపోతే మల్టీమీటర్‌తో కంట్రోలర్ దగ్గర ప్యానెల్ వోల్టేజీ కొలవాలి. సున్నా అయితే కనెక్టరో తీగో తెగింది. సిరీస్‌లో సగమే వస్తే ఒక ప్యానెల్ నిద్రపోతోంది. వోల్టేజీ సరిగా ఉండి ఆంపియర్లు రాకపోతే ఫ్యూజు, బీఎంఎస్, చివరగా కంట్రోలర్.

వానాకాలం ముగిసి బండి హైదరాబాద్ తిరిగొచ్చాక అసలు సర్వీసింగ్ చేయాలి. సీలెంట్ మీద పగుళ్లు, జిగురు దిమ్మల అంచులు, రంధ్రాల చుట్టూ తుప్పు చూడాలి. కనెక్టర్లు విప్పి పచ్చటి చిలుము ఉంటే మార్చాలి. టెర్మినల్స్ టార్క్ రెంచ్‌తో బిగించాలి. మబ్బులేని మధ్యాహ్నం ప్రతి ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ కరెంటు కొలిచి తేదీతో రాసుకోవాలి. మంచి ప్యానెల్ ఏడాదికి అర శాతం, ఆ చుట్టుపక్కలే తగ్గుతుంది. అంతకు మించి పడిపోయినదాన్ని విప్పి వేరుగా పరీక్షించాలి. బండి నెలల తరబడి నిలబడేటట్టయితే లిథియం బ్యాటరీని సగం చార్జ్‌లో ఉంచి, ప్యానెల్ స్విచ్ ఆఫ్ చేసి, నీడలో నిలపాలి.